నడినెత్తి ఆకాశం కింద 6 అంగుళాల డాబ్సోనియన్: పుష్యమాసం నెల రోజుల సమీక్ష

150 మి.మీ. అద్దం, 1200 మి.మీ. నాభ్యంతరం (అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం), ఎఫ్/8, అంటే అద్దం వెడల్పుకు నాభ్యంతరం 8 రెట్లు. ఈ కొలతల డాబ్సోనియన్ టెలిస్కోప్‌ను (గొట్టం అడుగున అద్దం, కింద చేత్తో తిప్పే బేస్ ఉండే రకం) నాలుగైదు బ్రాండ్లు నాలుగైదు రంగుల్లో అమ్ముతున్నాయి. గొట్టం, అద్దం, చెక్క బేస్ అన్నిటిలోనూ దాదాపు ఒకటే. తేడాలన్నీ ఫైండర్‌లోనూ (గురి చూసుకునే చిన్న గొట్టం) ఐపీస్‌లలోనూ (కన్ను పెట్టి చూసే కటకాలు) ఉంటాయి. అందుకే ఇది ఒక బ్రాండ్ సమీక్ష కాదు, ఈ డిజైన్ సమీక్ష. వాడిన కాలం 2025 డిసెంబర్ 20 అమావాస్య నుంచి 2026 జనవరి 18 చొల్లంగి అమావాస్య దాకా, అంటే సరిగ్గా పుష్యమాసం. వాడిన చోట్లు మూడు: నగరంలో డాబా, డెల్టాలో పల్లెటూరు, ఎత్తయిన ప్రాంతంలో చీకటి మైదానం.

తీర్పు ముందే చెప్పేస్తే: అద్దం బంగారం, బేస్ పర్వాలేదు, ఫైండర్ శిక్ష. ఇంకో మాట కూడా ఉంది, దాన్ని ఏ పెట్టె మీదా రాయరు. ఈ బేస్ నడినెత్తి మీద ఉన్నదాన్ని చూడలేక అవస్థపడుతుంది. మన చలికాలంలో చూడదగినవి చాలావరకు వెళ్లేది నడినెత్తి మీదుగానే.

ఆ లెక్క ఇదీ. గురుడు ఈ నెలంతా మిథునంలో, పునర్వసు జంట చుక్కల దగ్గర ఉన్నాడు. జనవరి 10న సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వచ్చాడు. క్రాంతి, అంటే ఖగోళ మధ్యరేఖ నుంచి దూరం, ఉత్తరంగా 22 డిగ్రీలు. హైదరాబాద్ అక్షాంశం 17.4. అంటే అర్ధరాత్రి దాటాక గురుడు 85 డిగ్రీల ఎత్తుకు చేరతాడు. లండన్‌లో అదే గురుడు 60 డిగ్రీల దగ్గరే ఆగిపోతాడు. ఎత్తు ఎక్కువైతే గాలి పొర పలచన, బొమ్మ స్థిరం, ఆ లాభం మనదే. కానీ డాబ్సోనియన్ తిరిగేది నిలువు ఇరుసు మీద. 85 డిగ్రీల ఎత్తులో ఆకాశంలో ఒక్క డిగ్రీ పక్కకు జరగాలంటే బేస్‌ను 11 డిగ్రీలకు పైగా తిప్పాలి. పైగా గొట్టం నిట్టనిలువుగా ఉన్నప్పుడు దాని మూతి పట్టుకుని నెడితే బేస్ తిరగదు, గొట్టం అటూ ఇటూ వాలుతుంది. అనుభవమున్నవాళ్లు దీన్ని డాబ్సన్ గుంత అంటారు.

విరుగుడు సామానులో లేదు, గడియారంలో ఉంది. జనవరి 10 చుట్టుపక్కల గురుణ్ణి రాత్రి తొమ్మిదింబావు నుంచి 11 లోపు చూడాలి. అప్పుడు ఎత్తు 45 నుంచి 70 డిగ్రీల మధ్య ఉంటుంది, గొట్టం మాట వింటుంది. నెల మొదట్లో అయితే 11 దాటాక మొదలుపెట్టాలి. తప్పనిసరిగా నడినెత్తినే చూడాల్సి వస్తే గొట్టాన్ని వదిలేసి బేస్ పక్క పలకను రెండు చేతులా పట్టుకుని తిప్పాలి. కృత్తికలదీ ఇదే కథ. పల్లెల్లో పిల్లలకోడి అనే ఆ గుంపు జనవరి మొదట్లో రాత్రి తొమ్మిదింబావుకే నెత్తి మీద ఉంటుంది. ఏడున్నరకల్లా చూసేయాలి.

డాబ్సన్ పేరు వచ్చింది కాబట్టి చిన్న పక్కదారి. ఈ డిజైన్‌కు పేరిచ్చిన జాన్ డాబ్సన్ 1944 నుంచి 1967 దాకా 23 ఏళ్లు అమెరికాలో వేదాంత సొసైటీ మఠాల్లో ఉన్నారు. దొరికిన చెక్కతోనూ అట్ట గొట్టంతోనూ టెలిస్కోప్ కట్టి, వీధిలో పోయేవాళ్లకు చంద్రుణ్ణి చూపించడం ఆయన పని. ఇప్పుడు ఫ్యాక్టరీలో తయారయ్యే ఈ బేస్‌లో కూడా మోటారు లేదు, గేర్లు లేవు. చెడిపోవడానికి పెద్దగా ఏమీ లేకపోవడం ఆయన పుణ్యమే.

బిగింపు గంటలో అయిపోతుంది. పార్టికల్ బోర్డు పలకలు, అలెన్ స్క్రూలు, మధ్యలో ఒక బోల్టు. అందరూ తప్పు చేసేది ఆ బోల్టు దగ్గరే. పూర్తిగా బిగిస్తే బేస్ మొరాయిస్తుంది, వదులుగా వదిలితే ఊగుతుంది. నైలాన్ నట్టును ఆగేదాకా బిగించి, పావు చుట్టు వెనక్కి తిప్పితే సరిపోతుంది. కింది పలకకూ పై పలకకూ మధ్య మూడు టెఫ్లాన్ ముక్కలుంటాయి. 120 రెట్లకు మించి పెద్దది చేసి చూసే వస్తువును వెంబడించేటప్పుడు బేస్ ముందు కదలనని మొండికేసి, తర్వాత ఒక్కసారిగా దూకుతుంది. ఆ ముక్కల మీద దుమ్ము పేరుకోవడం ఒక కారణం, బరువంతా వాటి మీదే పడటం రెండో కారణం. బోల్టు తీసి, పొడి గుడ్డతో తుడిచి, బోల్టు చుట్టూ పాత ప్లాస్టిక్ డబ్బా మూత నుంచి కోసిన పల్చటి వాషర్లు రెండు వేస్తే కొంత బరువు మధ్యలోకి మారుతుంది. ఆ దూకుడు చాలామటుకు తగ్గుతుంది. నూనె, గ్రీజు మాత్రం వద్దు. దుమ్ముతో కలిసి జిగురైపోతాయి.

పార్టికల్ బోర్డుకు అసలు శత్రువు మంచు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో రాత్రి 11 దాటితే గొట్టం మీద నుంచి నీళ్లు కారతాయి. బోర్డు పైన లామినేట్ ఉంటుంది కానీ కోసిన అంచుల్లోనూ స్క్రూ రంధ్రాల్లోనూ ఉండదు. నీరు అక్కడే దిగి, ఒకటి రెండు సీజన్లలో అంచులు ఉబ్బుతాయి. ఆ తర్వాత స్క్రూ పట్టదు. కొన్న వారంలోనే అంచులకు రెండు పూతలు వార్నిష్ వేయడం, రంధ్రాల్లో ఫెవికాల్ చుక్క వేసి ఆరనివ్వడం మంచిది. తడి మట్టి మీద నేరుగా పెట్టకూడదు. కింద మూడు ఇటుకలు గానీ పాత టైల్స్ గానీ చాలు.

మంచు విషయంలో అద్దానికి ఒక అదృష్టం ఉంది. పెద్ద అద్దం గొట్టం అడుగున ఉంటుంది కాబట్టి దాని మీద మంచు పట్టడం అరుదు. మొదట మసకబారేవి ఫైండర్, ఐపీస్, ఎర్రచుక్క ఫైండర్ ఉంటే దాని గాజు. చాలా ఆలస్యంగా పైనున్న చిన్న అద్దం. యోగా మ్యాట్ ముక్క కోసి, గొట్టం మూతి చుట్టూ 30 సెం.మీ. ముందుకు వచ్చేలా చుట్టి వెల్క్రో వేస్తే చిన్న అద్దం తెల్లవారుజాము దాకా పొడిగా ఉంటుంది. ఐపీస్‌లను చొక్కా జేబులో పెట్టుకుంటే చాలు. మంచు పట్టిన గాజును గుడ్డతో తుడవడం అన్నిటికంటే పెద్ద తప్పు. మంచుతోపాటు దుమ్ము కూడా ఉంటుంది, అది గీతలు పెడుతుంది. హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడిలో అడుగు దూరం నుంచి. ఇంటికొచ్చాక తడి మీద మూతలు బిగించారంటే ఫంగస్‌కు బొట్టు పెట్టి పిలిచినట్టే. గంటసేపు ఫ్యాన్ కింద ఆరాకే మూతలు.

చల్లారడం ఇంకో సంగతి. ఇంట్లో 25 డిగ్రీల్లో ఉన్న అద్దం బయట 14 డిగ్రీలకు దిగడానికి 30-40 నిమిషాలు పడుతుంది. అప్పటిదాకా అద్దం మీద వెచ్చటి గాలి పొర కదులుతుంటుంది, గురుడు నీటి అడుగున రూపాయి బిళ్లలా వణుకుతాడు. అద్దం బాగాలేదని ఫిర్యాదు చేసేవాళ్లలో చాలామంది ఈ అరగంట ఆగనివాళ్లే. డాబా మీద అయితే స్లాబు కూడా పగటి ఎండను రాత్రి పది దాకా వదులుతూనే ఉంటుంది. స్లాబుకన్నా మట్టి నేల, గడ్డి నేల మేలు. డాబా తప్పకపోతే పిట్టగోడకు, పక్కింటి ఏసీ యూనిట్‌కు దూరంగా పెట్టాలి. ఎవరైనా స్లాబు మీద నడిస్తే 120 రెట్ల దగ్గర బొమ్మ గెంతుతుంది.

ఇక అద్దాల సమన్వయం, అంటే కాలిమేషన్. ఎఫ్/8 కావడం ఇక్కడ పెద్ద వరం. ఎఫ్/5 గొట్టాల్లో వెంట్రుకవాసి తేడాకే బొమ్మ పాడవుతుంది, ఇది కాస్త ఓర్చుకుంటుంది. అయినా కారులో గుంతల రోడ్డు మీద తీసుకెళ్తే ప్రతిసారీ చూసుకోవాలి. ఫోకసర్‌లో (ఐపీస్ బిగించి బొమ్మను తేటగా సర్దే భాగం) ఐపీస్ తీసి, మధ్యలో 2 మి.మీ. రంధ్రం పెట్టిన మూత బిగించి చూడండి. మొదట చిన్న అద్దం ఫోకసర్ కింద మధ్యలో గుండ్రంగా కనిపించాలి. తర్వాత చిన్న అద్దం వెనక ఉన్న మూడు అలెన్ స్క్రూలను కొద్దికొద్దిగా తిప్పి, పెద్ద అద్దం మధ్యలోని రింగు గుర్తును నడిమికి తేవాలి. ఒక స్క్రూ వదులు చేస్తే మిగతా రెండూ బిగించాలి, లేకపోతే చిన్న అద్దం ఊగిపోతుంది. ఈ పని చేసేటప్పుడు గొట్టం పడుకోబెట్టి ఉండాలి. అలెన్ కీ జారినా పెద్ద అద్దం మీద పడదు. చివరగా గొట్టం అడుగున ఉన్న స్ప్రింగు స్క్రూలతో మూత రంధ్రపు ప్రతిబింబాన్ని రింగు మధ్యకు తేవాలి. పక్కనున్న మూడు లాక్ స్క్రూలను గట్టిగా బిగిస్తే చేసిన పనంతా చెదురుతుంది. తగిలీ తగలనట్టు ఆపేయాలి.

చౌక లేజర్ కాలిమేటర్ కొనేముందు ఒక పరీక్ష. ఫోకసర్‌లో పెట్టి చుట్టూ తిప్పినప్పుడు ఎర్రచుక్క వలయంలా తిరిగిందంటే ఆ లేజరే వంకర. మూతకు రంధ్రం పెట్టుకోవడం దానికంటే నమ్మకం.

ఫైండర్ గురించి మంచి మాట చెప్పడం కష్టం. 6×30 (6 రెట్లు, 30 మి.మీ. కటకం), తిన్నగా చూసేది, బొమ్మ తలకిందులు. 70 డిగ్రీల ఎత్తులో దానికింద మెడ పెట్టాలంటే యోగాసనం వేయాలి. చలి దేశాల్లో 45 డిగ్రీల ఎత్తు గ్రహాలకు సరిపోవచ్చు, మన నడినెత్తి ఆకాశానికి చాలదు. ఎర్రచుక్క ఫైండర్ ఒకటి గొట్టానికి పక్కగా అతికించడం కనీస అవసరం. డబ్బుంటే లంబకోణంలో వంగి, బొమ్మ నిటారుగా చూపే 8×50. ఏదైనా సరే పగలే సరిచేసుకోవాలి. కిలోమీటరు, రెండు కిలోమీటర్ల దూరంలోని సెల్ టవర్ కొనను ముందు 25 మి.మీ. ఐపీస్‌లో మధ్యకు తెచ్చి, ఫైండర్‌ను దాని మీదకు తిప్పాలి. సూర్యుడున్న వైపు గొట్టం తిప్పనే వద్దు. ఫైండర్ మూత కూడా తీయొద్దు, క్షణంలో కన్ను పోతుంది.

పెట్టెలో రెండు ఐపీస్‌లు వస్తాయి. 25 మి.మీ.ది 48 రెట్లు, దాదాపు 1 డిగ్రీ ఆకాశం, మంచిదే. 10 మి.మీ.ది 120 రెట్లు, కన్ను గాజుకు ఆనించాలి, అంచులు చెదురుతాయి. కళ్లజోడు వాళ్లకు పనికిరాదు. అదనంగా కొనాల్సింది ముందు 32 మి.మీ. ప్లోసెల్ (37 రెట్లు, 1.3 డిగ్రీలు), తర్వాత 6 మి.మీ. గోల్డ్‌లైన్ రకం (200 రెట్లు, కంటికి కనిపించే వలయం 66 డిగ్రీల వెడల్పు). 150 మి.మీ. అద్దానికి పుస్తకం లెక్క 300 రెట్లు. నిజానికి 200 దాటి నిలకడగా చూసే రాత్రులు తక్కువ. చంద్రుడి ఫిల్టర్‌కు డబ్బు పెట్టనక్కర్లేదు, పక్కన లైటు వేసుకుని చూస్తే చాలు.

భూమి తిరుగుతూనే ఉంటుంది, మోటారు లేదు. 48 రెట్ల దగ్గర ఒక చుక్క ఒక అంచు నుంచి రెండో అంచుకు చేరడానికి 4 నిమిషాలు, 120 దగ్గర 100 సెకన్లు, 200 రెట్ల గోల్డ్‌లైన్‌లో 80 సెకన్లు. ఇంట్లో నలుగురికి చూపించేటప్పుడు ఇదే తలనొప్పి. వస్తువును మధ్యలో కాకుండా అది లోపలికి ప్రవేశించే అంచున పెట్టి పక్కకు తప్పుకుంటే, తర్వాతివాళ్లు కన్ను పెట్టేసరికి మధ్యకు వస్తుంది.

ఈ నెలలో ఏం చూపించింది? గురుడి మీద రెండు ముదురు పట్టీలు ఎప్పుడైనా కనిపిస్తాయి. గాలి నిలకడగా ఉన్న రాత్రి 200 రెట్ల దగ్గర పట్టీల అంచుల్లో వంకీలు, ఎర్రమచ్చ, ఉపగ్రహం నీడ చుక్కలా పాకడం కూడా. గురుడు తన చుట్టూ తాను తిరగడానికి 9 గంటల 56 నిమిషాలే కాబట్టి ఒకే రాత్రిలో మచ్చ ఒక అంచున ఎక్కి ఇంకో అంచున దిగడం చూడొచ్చు. శనిని చూసి మాత్రం కొత్తగా కొన్నవాళ్లు నిరాశపడతారు. 2025లో శని వలయాలు మనకు అంచు వైపు తిరిగాయి. ఈ నెలలో ఇంకా దాదాపు అలాగే ఉన్నాయి, బంతిలో గుచ్చిన సూదిలా. అది టెలిస్కోప్ లోపం కాదు, ఏటికేడు తెరుచుకుంటాయి. శుక్రుడు, కుజుడు ఇద్దరూ జనవరి రెండో వారానికి సూర్యుడి వెనక్కే చేరారు. పెళ్లిళ్లు ఆపిన శుక్ర మూఢమే ఇక్కడా అడ్డం. యురేనస్ కృత్తికలకు దక్షిణంగా నాలుగైదు డిగ్రీల్లో ఉంది. 120 రెట్ల దగ్గర చుక్కలా మెరవకుండా చిన్న ఆకుపచ్చ బిళ్లలా ఉంటే అదే.

చంద్రుణ్ణి పున్నమికి చూడకూడదు. జనవరి 3 పున్నమి చంద్రుడు ఉత్త తెల్లటి పళ్లెం. డిసెంబర్ 28 నుంచి 30 దాకా వెలుగు నీడల సరిహద్దు దగ్గర నిటారు గోడ అనే కొండ అంచు, క్లేవియస్, కోపర్నికస్ బిలాలు వరసగా తేలాయి. ఈ అద్దానికి అవే సరైన పరీక్ష.

చీకటి చోట అసలు విందు మృగశిర, ఆర్ద్ర దగ్గర మొదలవుతుంది. వేటగాడి (ఓరియన్) నడుముకున్న మూడు చుక్కల కింద ఎం42 నీహారిక (ఎం అంటే మెస్సియర్ జాబితా) 67 డిగ్రీల ఎత్తుకు వస్తుంది, డాబ్సన్ గుంతకు దూరంగా. నగరం డాబా మీద నుంచి కూడా మధ్యలోని నాలుగు చుక్కలు, వాటి చుట్టూ బూడిద రంగు పొగ కనిపిస్తాయి. పల్లెలో ఆ పొగకు రెక్కలొస్తాయి. ఫొటోల్లోని గులాబీ రంగు మాత్రం కంటికి ఎప్పుడూ రాదు, ఇది ముందే ఇంట్లోవాళ్లకు చెప్పండి. సిరియస్‌కు 4 డిగ్రీల దక్షిణంగా ఎం41 గుంపు. రైగెల్ పక్కన 9 కోణ సెకన్ల (డిగ్రీలో 3600వ వంతు ఒక సెకను) దూరంలో దాని మసక తోడు, 120 రెట్ల దగ్గర తేలిగ్గానే. సిరియస్ తోడు మీద ఆశ పెట్టుకోవద్దు. కాస్టర్ రెండుగా విడిపోవడం పిల్లలకు బాగా నచ్చే దృశ్యం.

దక్షిణం మనకున్న సొంత ఆస్తి. అగస్త్య నక్షత్రం హైదరాబాద్‌లో 20 డిగ్రీలు, తిరుపతిలో 24 డిగ్రీలు లేస్తుంది. యూరప్‌లో చాలాచోట్ల కనపడనే కనపడదు. నెల చివర్లో అర్ధరాత్రి దాటాక నౌకా నక్షత్రమండలంలో ఎన్‌జీసీ 2477 అనే గుంపు 34 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. 48 రెట్ల దగ్గర బియ్యపు పిండి చల్లినట్టు ఉంటుంది. ఈ ఎత్తులో బేస్ నున్నగా తిరుగుతుంది, ఫైండర్ కూడా తిట్టించుకోదు.

నగరంలో దొరకనివి: ఎం1, ఎం33, గెలాక్సీల్లో చాలామటుకు. వీధి దీపం కంటికి నేరుగా తగలకుండా నల్ల గుడ్డ తలమీద కప్పుకుంటే కొంత మెరుగు, అంతకుమించి లేదు. ఇంకోటి, పుష్యమి నక్షత్రం దగ్గరి ఎం44 గుంపు, కృత్తికలు రెండూ ఒకటిన్నర డిగ్రీకి అటూ ఇటుగా ఉంటాయి. 32 మి.మీ. ఐపీస్‌లో కూడా మొత్తం పట్టవు. వాటికి 10×50 బైనాక్యులరే మేలు. ఈ గొట్టం పక్కన ఒకటి ఉండాలి.

రాత్రిని ఎంచుకోవడంలో మెలకువ: చలికాలంలో నేలకు దగ్గరగా పొగ, దుమ్ము నిలిచిపోయిన మసక రాత్రి చుక్కల గుంపులకు పనికిరాదు కానీ గాలి కదలదు కాబట్టి గురుడికి బ్రహ్మాండం. వర్షం కడిగి, గాలి వీచే తళతళ రాత్రి దానికి సరిగ్గా తలకిందులు: నీహారికలకు మంచిది, గ్రహాలు వణుకుతాయి. భోగి మంటల తెల్లవారుజాము రెండింటికీ మంచిది కాదు, సంచిలోంచి తీయకండి.

నిల్వ చేసేటప్పుడు ఫోకసర్ రంధ్రానికి మూత తప్పనిసరి. సాలీళ్లకు, కందిరీగలకు ఆ రంధ్రం ఇల్లులాంటిది, బల్లి గుడ్లూ దొరకవచ్చు. అద్దం మీద పల్చటి దుమ్ము ఉన్నా బొమ్మకు నష్టం లేదు. ఏళ్ల తరబడి కడగకపోయినా ఫరవాలేదు. కడిగితే అద్దాన్ని విప్పి డిస్టిల్డ్ నీళ్లతో, వేలితో రుద్దకుండా.

6 అంగుళాలదా, 8 అంగుళాలదా అన్న ప్రశ్న అందరూ అడుగుతారు. 200 మి.మీ. ఎఫ్/6 కూడా 1200 మి.మీ. పొడవే, చోటు అంతే. వెలుగు 78 శాతం ఎక్కువ పడుతుంది. కానీ గొట్టం లావు, బరువు, కాలిమేషన్ పట్టుదల అన్నీ పెరుగుతాయి. 6 అంగుళాలది మొత్తం 16 కిలోల చుట్టూ ఉంటుంది, గొట్టం ఒకసారి, బేస్ ఒకసారి, రెండు విడతల్లో ఒక మనిషి మూడో అంతస్తు డాబాకు చేర్చవచ్చు. లిఫ్ట్ లేని ఇల్లయితే 6 చాలు. నేల మీదే పెరడుంటే 8 తీసుకోండి. రెండింటికీ ఎత్తు మార్చుకునే స్టూలు ఒకటి కావాలి: గొట్టం 45 డిగ్రీల్లో ఉన్నప్పుడు ఐపీస్ నడుం ఎత్తులోనే ఉంటుంది, నిటారుగా ఉన్నప్పుడు ఛాతీ దాకా వస్తుంది. మామూలు ప్లాస్టిక్ కుర్చీ మొదటిదానికి సరిపోతుంది, రెండోదానికి పొట్టి అవుతుంది.